ఎర్ర సిరాతో దిద్దిన ‘వాళ్ళు’

2010 జూన్‌లో నన్ను ఎల్‌.బి.నగర్ దగ్గర ఒక ఉన్నత పాఠశాలకు సాంఘిక శాస్త్రం స్కూల్ అసిస్టెంట్‌గా బదిలీ చేశారు. స్కూల్ అసిస్టెంట్ అంటే ఎవరికో సహాయకురాలినని మా బంధువులు నేను రిటైరయ్యేదాకా నమ్మారు. నిజానికి పెద్ద తరగతులకు ఒక సబ్జెక్టు పూర్తిగా చూసుకునే టీచర్ హోదా అది. తొమ్మిదో తరగతికి క్లాస్ టీచర్‌ని కూడా నేనే. హాజరు పట్టీ, మార్కుల రిజిస్టర్, పిల్లలు బడి మారితే ఇచ్చే టి.సి. రాయడం అన్నీ నా పనే.

నా పీరియడ్ మధ్యాహ్న భోజనం తర్వాత పడింది. ఆ వేళ ఎవరికైనా కునుకు వస్తుంది. పిల్లల్ని అదిలించి లేపడం కన్నా ఆ మత్తునే వాడుకోవడం మేలని నాకు ఎప్పుడో తెలిసింది. అందర్నీ కళ్ళు మూసుకోమనేదాన్ని. “ఈ చౌరస్తా లేదు, బస్సుల్లేవు. అన్నీ జొన్న చేన్లే. మనం ఎడ్లబండెక్కి హయత్‌నగర్ నుంచి పట్నం పోతున్నం” అని మెల్లగా మొదలుపెట్టేదాన్ని. కిటికీలోంచి వేడి గాలి వచ్చేది. రోడ్డు మీద ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం ఊరేగింపుల డప్పులు దూరంగా వినబడుతూ, ఏ కాలానివో తెలియకుండా పాఠంలో కలిసిపోయేవి. మా నల్లగొండ పల్లెలో దొర ఉండే గడీ గురించి, వెట్టి గురించి మా అమ్మ చెప్పినవి చెబుతుంటే నేనెక్కడున్నానో నాకే తెలిసేది కాదు. గంట మోగినా కొందరు కాసేపు కళ్ళు తెరిచేవారు కాదు. అందుకు నాకు గర్వంగా ఉండేది, దాచుకోను.

ఆ తరగతిలో అనూష అనే పిల్ల ఉండేది. వాళ్ళది తెనాలి వైపు. తండ్రి దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ పిల్లల కోసం కర్రీ పాయింట్ నడిపేవారు. జూన్‌లో ప్రశ్నలతో నన్ను ఊపిరి తీసుకోనివ్వని పిల్ల, దసరా సెలవుల తర్వాత నోరు విప్పడం మానేసింది. గమనించాను గానీ పట్టించుకోలేదు.

ఆ తర్వాత యూనిట్ టెస్టులో నిజాం కాలం నాటి రైతుల మీద వ్యాసం ఇచ్చాను. మిగతా పిల్లలు నేను చెప్పినట్టే ‘మనం’ అని రాశారు. అనూష ప్రతి వాక్యంలోనూ ‘వాళ్ళు’ అని రాసింది. వాళ్ళ చేత వెట్టి చేయించారు, వాళ్ళ భూములు లాక్కున్నారు. విషయంలో తప్పేమీ లేదు. నేను ఎర్ర సిరాతో ‘వాళ్ళ’ అన్నచోటల్లా కొట్టేసి ‘మన’ అని దిద్దాను. పిల్లను కలుపుకుంటున్నానని అనుకున్నాను.

పేపర్లు ఇచ్చిన రోజు ఆమె స్టాఫ్ రూముకు వచ్చింది. “టీచర్, ఇక్కడ మన అని దిద్దారు. కాలవల పాఠం అప్పుడేమో నా వంక చూసి, మీ వాళ్ళకు నీళ్ళ కష్టం ఏం తెలుసు అన్నారు. నేనేం రాయాలండీ?”

నేనెప్పుడన్నానని బుకాయించాను. ఏ వారమో కూడా చెప్పింది. “అప్పట్నుంచి వెనక బెంచీవాళ్ళు నన్ను ‘మీవాళ్ళు’ అనే పిలుస్తున్నారండీ. పేరు పెట్టి పిలవట్లేదు.”

సిగ్గుతో చచ్చిపోయాను. మర్నాడే ఆమె తండ్రి టి.సి. కోసం దరఖాస్తు పెట్టారు. తెనాలిలో అమ్మమ్మ దగ్గర చదివిస్తారట. శనివారం దాకా ఆగమని బతిమాలాను. “మీ మీద కోపం లేదండీ మేడంగారూ. పిల్ల అన్నం తినట్లేదు, అంతే” అంటూనే ఒప్పుకున్నారాయన.

ఆ మధ్యాహ్నం తరగతిలో, నేనన్న మాట తప్పని ముందు ఒప్పుకున్నాను. తర్వాత అనూషను పాఠం చెప్పమని, నేను కూడా బెంచీ మీద కూర్చుని కళ్ళు మూసుకున్నాను. ఆమె చిన్న గొంతుతో, వాళ్ళ నాయనమ్మ చూసిన ఉప్పెన మొదలుపెట్టింది. “మెలకువ వచ్చేసరికి మంచం కింద నీళ్ళున్నాయి. మనం అటకెక్కాం.” గది చల్లబడ్డట్టనిపించింది. నీళ్ళు గోడ వెంట పైకి పాకుతున్నాయి. ఎవరూ కదల్లేదు.

వెనక బెంచీ సైదులు, దేవరకొండ దిక్కు పిల్లాడు, ఆమెకు ‘మీవాళ్ళు’ అని పేరు పెట్టినవాడే, నెమ్మదిగా అడిగాడు. “గొడ్లను ఇడిచినమా?”

“తాళ్ళు కోసేశాం” అంది అనూష.

అంత మంచి పాఠం నా సర్వీసులో నేను చెప్పలేదు.

అయినా శనివారం ఆమె తండ్రి వచ్చారు. నెలల తరబడి పడ్డదాన్ని ఒక్క పీరియడ్ తుడిచిపెట్టలేదు. టి.సి. నేనే రాశాను. బడి విడిచి వెళ్ళడానికి కారణం అన్నచోట ‘తండ్రి కోరిక మేరకు’ అని నింపాను. కారణంగా నా పేరు రాయడానికి ఆ ఫారంలో వీల్లేదు.

నేను ఉద్యమం వైపే ఉన్నాను, ఇప్పటికీ అందులో మార్పు లేదు. చెప్పిన చరిత్ర కూడా నిజమే. నేను నేర్చుకున్నది బోధన గురించి. చప్పగా చెప్పే టీచర్ ఒక మాట తూలినా పిల్లలు గంట మోగగానే మరిచిపోతారు. బాగా చెప్పే టీచర్ మాటను నమ్మి, దాన్ని ఇంకొకరి మీద వాడతారు. ఆ తరగతి నన్ను బాగా నమ్మింది.