లారీ ఇళ్ల పత్రిక

మేం విజయనగరంలో బీఏ చదువుతున్న రోజుల్లో మా తెలుగు మాస్టారికి ఒక ఆలోచన వచ్చింది. మా క్లాసు రెండు పత్రికలు తేవాలి. ఒకటి కాలేజీ అంతా చదివే గోడపత్రిక, రెండోది ఎవరో కొద్దిమందికి మాత్రమే పనికొచ్చేది. "ఎవరికోసమో ముందు తేల్చుకోండి. రాయడం ఆ తర్వాత" అన్నారాయన.

గోడపత్రికను మగపిల్లలు లాక్కున్నారు. ఎన్నికలు, క్రికెట్, కొత్త సినిమాలు అన్నీ వాళ్లవే. మిగిలిన చిన్న పత్రిక నాకూ, నా స్నేహితురాలికీ వచ్చింది. మా ఇద్దరిదీ సాలూరే. వాళ్ల నాన్నగారు చర్చిలో పాస్టరు. పాటల కాగితాలు తీసే సైక్లోస్టైల్ మిషను ఆయన దగ్గర ఉంది కాబట్టి మాకు ధైర్యం.

మా వీధిలో సగం ఇళ్లు లారీ డ్రైవర్లవి. ఆ ఇళ్ల ఆడవాళ్ల కోసమే పత్రిక అనుకున్నాం. పసిపిల్లల ఆరోగ్యం, స్త్రీ విద్య, పొదుపు మీద వ్యాసాలు రాశాం. చాలామందికి చదువు రాదు కనుక ఆదివారం మా అరుగు మీద అందరినీ కూర్చోబెట్టి నేనే చదివి వినిపించాను. పొదుపు దగ్గరకొచ్చేసరికి ఎదురింటి అత్త ఆవులించింది.

"ఇయ్యన్నీ మాకు తెలీదేటమ్మా? మా లారీ ఎక్కడున్నాదో, ఎప్పుడొస్తాదో రాయండి. అది సెప్పేవోళ్లు లేక సస్తన్నాం" అంది.

మరుసటి శనివారం కాలేజీ నుంచి వచ్చి సాలూరులో రైలు దిగగానే లారీ ఆఫీసుకి వెళ్లాం. అక్కడి గుమాస్తా మమ్మల్ని ఎగాదిగా చూశాడు.

"ఆడపిల్లలకి లారీల గొడవేటమ్మా?"

"మా కాలేజీ చదువండీ" అంది నా స్నేహితురాలు.

"ఇదేటి సదువు!" అని నవ్వి, ఫోన్ల మీద తనకు తెలిసిందంతా చెప్పాడు. ఏ లారీ రాయపూర్‌లో సరుకు దించిందో, ఏది ఘాటీ ఎక్కుతున్నదో, ఏది బెజవాడ నుంచి తిరిగొస్తున్నదో అన్నీ రాసుకున్నాం.

ఆ ఆదివారం అరుగు చాలలేదు. ఎవరి లారీ సంగతి వాళ్లకి చదువుతుంటే ఒక్కొక్క ముఖమూ వికసించింది. ఎదురింటి మావయ్య వంతు వచ్చింది. లారీ గురువారమే విజయనగరం చేరిందని చదివాను. అత్త చటుక్కున లేచింది. ఆయన ఇంటికొచ్చింది ముందురోజు సాయంత్రం!

"ఏమయ్యా, ఇలా రా! గురువారం దిగినోడివి నిన్నటిదాకా ఏటి సేసినావు?"

మావయ్య తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ వచ్చాడు. "టైరు పోయిందే."

"టైరుకి రెండు రోజులా?"

"సినిమా సూసినాను."

"ఒకటేనా?"

"రెండు."

అరుగంతా ఒకటే నవ్వు. ఇది ఇక్కడితో ఆగదని నేను మాత్రం అనుకున్నాను. అనుకున్నట్టే సాయంత్రానికి డ్రైవర్లు గుంపుగా మా ఇంటికొచ్చారు. "అమ్మా, మీ పేపరు మా కొంపలు ముంచేస్తాది. ఆపీయండి" అన్నారు. వాళ్ల వెనకే భార్యలు వచ్చారు. "ఆపితే ఊరుకోం" అన్నారు.

మా నాన్న పడక్కుర్చీలో కూర్చుని ముసిముసిగా నవ్వుతున్నారు. చివరికి నా స్నేహితురాలే రాజీ కుదిర్చింది. దారిలో మజిలీలు రాయం. ఏ రోజు ఇల్లు చేరతారో డ్రైవర్లే గుమాస్తాకి చెప్పాలి, అది మాత్రం రాస్తాం.

"సరే. సెప్పిన రోజుకి రాకపోతే అప్పుడు సూసుకుంటాం" అని ఆడవాళ్లు ఒప్పుకున్నారు.

ఇదంతా చెబితే మాస్టారు కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకునేంతగా నవ్వారు. "గోడపత్రిక ఎవరు చదివారో నాకింకా తెలీదు. మీది విన్నవాళ్లు మాత్రం ఇంటిమీదకొచ్చారు. మానకండి" అన్నారు.

ఆ తర్వాత మావయ్య అత్తని లారీ ముందు సీట్లో కూర్చోబెట్టుకుని విజయనగరం తీసుకెళ్లి సినిమా చూపించాడు. ఎలా ఉందని అడిగాను.

"ఏటుంటాదే? హీరోయిన్ ఏడుస్తంటే నాకు నవ్వొచ్చింది. మీ మావ ముందే సూసేసినాడు కదా, హాయిగా నిద్దరోయాడు. ఇదీ రాయి" అంది.

ఉన్నదున్నట్టు రాసేశాం. గోడపత్రిక సంపాదకుడికి ఆ సంగతి తెలిసి, సినిమా పేజీకి ఇమ్మని మా చుట్టూ తిరిగాడు. అది మా వీధి వాళ్లకు మాత్రమేనని చెప్పి పంపేశాం.