నాయనమ్మ పంటి కింద పలగని గింజ

ఆ రోజు పొద్దున ఎనిమిదింటికి మా నాయనమ్మ పంటి కింద వడ్లగింజ పటుక్కుమనలేదు. జబ్బుకు అదే మొదటి గుర్తు. అది చూసి నేను నవ్వాను.

మాది కోదాడ దగ్గర ఊరు. నాయనమ్మ తుంగతుర్తి మెట్ట నుంచి పద్నాలుగేళ్లకే ఇక్కడికి కోడలిగా వచ్చింది. జొన్న తప్ప ఎరగని మనిషి కాలువ కింద వరి నేర్చుకుంది. తాత తొందరగా పోతే నలుగురు పిల్లల్ని, ఆ తర్వాత తల్లిలేని నన్ను, మూడెకరాల మీద సాకింది. ఎనభై దాటినా మా వడ్లు ఎండాయో లేదో గింజ కొరికి తేల్చేది ఆమే. నేను తేమ చూసే మిషన్ కొన్నప్పుడు, "దానికి పండ్లున్నయారా?" అని అడిగింది. మిషన్‌తో పోటీ పడిన ప్రతిసారీ ఆమే గెలిచింది.

ఆ యాసంగి పంట వడ్లు టార్పాలిన్ పట్టాల మీద ఆరబోసి, తెల్లారకముందే ట్రాక్టర్‌కు ఎత్తాం. మిర్యాలగూడ మిల్లుకు ఆ రోజే టోకెన్. అలవాటుగా నాలుగు గింజలు ఆమె చేతిలో పెట్టాను. నోట్లో వేసుకుంది. ఒక గింజ పెదవి కుడి మూల నుంచి జారి చీర మీద పడింది.

"పలుగుతలేవు బిడ్డా. ఇంకా పచ్చిగున్నయ్."

మిషన్ ఎండాయని చూపిస్తోంది. "నీ పండ్లకు కాలం సెల్లింది ముసలమ్మా," అన్నాను.

"గీ దిక్కు దవడ మొద్దువారినట్టున్నదిరా," అని చెంప తడుముకుంది.

"ఒక పక్కకే పండుకున్నవ్, గంతే," అని ట్రాక్టర్ ఎక్కాను.

పదింటికి నా భార్య సుజాత ఫోన్ చేసింది. "నాయినమ్మ చేతుల చెంబు నిలుస్తలేదు. మాట ముద్దముద్దగ వస్తాంది. ఆటో పిలవనా?"

"ఎండ తగిలినట్టుంది. మజ్జిగ తాపు. నేనొచ్చేదాంక ఆగు."

"వడ్లు యాడికి పోతయ్? నువ్ రా!"

మిల్లు దగ్గర నా ముందు పదకొండు ట్రాక్టర్లు ఉన్నాయి. వరస తప్పితే టోకెన్ పోతుంది. ఫోన్ పెట్టేశాను. మిల్లులో చూస్తే వడ్లు ఎండాయనే తేలింది. జీవితంలో మొదటిసారి నాయనమ్మ తప్పు చెప్పింది. అప్పుడైనా ఎందుకని నన్ను నేను అడగవలసింది. గెలిచానని సంబరపడ్డాను.

రెండింటికి ఇల్లు చేరేసరికి ఆమె మూతి వంకరపోయి ఉంది. కోదాడలో ఒక చిన్న ఆసుపత్రిలో చూసి, "స్ట్రోక్ లాగుంది, వెంటనే సూర్యాపేట తీసుకెళ్లండి," అన్నారు. అక్కడికి చేరేసరికి నాలుగైంది.

"ఎన్నింటికి మొదలైంది? కరెక్ట్ టైమ్ చెప్పండి," అని డాక్టరమ్మ అడిగారు.

"పన్నెండు దాటినంక మేడం," అన్నాను. సిగ్గుతో వచ్చిన అబద్ధం అది. దాని బరువు నాకు తెలియదు.

"అయితే ఇంకా నాలుగున్నర గంటలు దాటలేదు. సీటీ స్కాన్‌లో బ్లీడింగ్ లేకపోతే క్లాట్ కరిగించే ఇంజక్షన్ ఇద్దాం."

సుజాత నా మోచేయి పట్టుకుంది. "వడ్లు కొరికిన సంగతి నువ్ సెప్తవా, నన్ను సెప్పమంటవా?"

చెప్పాను. డాక్టరమ్మ రాసిన టైమ్ కొట్టేశారు. "పొద్దున ఎనిమిదికా? ఇంత ఆలస్యంగా ఆ ఇంజక్షన్ ఇస్తే తలలో రక్తం కారి ప్రాణమే పోవచ్చు. ఇక ఇవ్వలేం." "పదింటికే బయల్దేరి ఉంటే ఇచ్చే వీలుండేది," అన్నారు.

పన్నెండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాం. కుడి చెయ్యి, కుడి కాలు రాలేదు. మాట పోయింది. ముక్కులో ట్యూబ్‌తో ఇంటికి తెచ్చాం. ఫిజియోథెరపీ చేయించాం. మూడో నెలకు ట్యూబ్ తీశారు. ఆసరాతో కూర్చుని, మెత్తని జావ తాగేది. ఒక్కో మాట కూడబలుక్కునేది.

ఒక మధ్యాహ్నం ఆమె కాళ్ల దగ్గర కూర్చుని అంతా ఒప్పుకున్నాను. "నువ్ మొద్దువారిందంటే ఇనలే నాయినమ్మా. ఆటో పిలుస్తనంటే ఆపింది కూడా నేనే."

నా మొహంలోకి చూసి అడిగింది. "వడ్లు... పచ్చియే... గాదా?"

"పచ్చియే నాయినమ్మా. నువ్ సెప్పిందే నిజం."

ఎడమ చేత్తో నా మణికట్టు పట్టుకుంది. సగం ముఖంతోనే నవ్వింది. "సెప్తిని... గాదురా." వడ్లు పచ్చివనడం నేనాడిన రెండో అబద్ధం. దానికి మాత్రం నేను బాధపడను.

ఆ తర్వాతి నెలలో జావ ఊపిరితిత్తుల్లోకి జారింది. ఆస్పిరేషన్ న్యుమోనియా అన్నారు. ఐదో రోజు పోయింది.

ఇప్పుడు మిషన్ అటక మీద ఉంది. గింజ నేనే కొరుకుతాను. పటుక్కుమన్నప్పుడల్లా నా చెంప నేనే తడుముకుంటాను. నాయనమ్మంత బాగా నాకు తెలియదు. చాలాసార్లు తప్పు చెబుతున్నాను.

మీ ఇంట్లో ఎవరికైనా ఉన్నట్టుండి మూతి వంకరపోతే, చెయ్యి జారితే, మాట ముద్దగా వస్తే నోట్లో ఏమీ పోయకండి. ముందు గడియారం చూడండి. సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికి వెంటనే తీసుకెళ్లండి. ఎప్పుడు మొదలైందని అడిగితే, ఎంత సిగ్గుగా ఉన్నా ఉన్న టైమే చెప్పండి.