పది గంటలకు చాచిన చేయి

సారు పోయిన సంగతి వాడే ఫోన్ చేసి చెప్పాడు. హయత్‌నగర్‌లో మా ఇంటి మెట్ల మీద కూర్చుని పేపర్ చూస్తున్నాను. "సారు పోయిండు రా. జల్ది రా," అన్నాడు, పెట్టేశాడు. నాకు ముందు కలిగింది దుఃఖం కాదు. ఆ మాట దాచిపెడితే ఈ నాలుగు ముక్కలు రాయడమే దండగ. ముందు కలిగింది కుళ్లు. ఈ కబురు కూడా వాడికే ముందు తెలియాలా?

సారు ఇబ్రహీంపట్నం సర్కారు బడిలో మాకు సైన్సు చెప్పిన మనిషి. వాడు బడిలో నా పక్కన కూర్చున్నవాడు, ఇప్పుడు బస్టాండు దగ్గర మందుల దుకాణం నడుపుతున్నాడు. నేను పత్రికలకు వ్యాసాలు రాస్తాను, సభల్లో మైకు పట్టుకుంటాను, దొరికిన వాళ్లతో తగాదా పడతాను. పేర్లు రాయను. చివరి రోజుల్లో సారుకు మా ఇద్దరి పేర్లూ గుర్తు లేవు. ఆ ఒక్క విషయంలోనే మేమిద్దరం సమానం.

నా కుళ్లు నిన్నమొన్నటిది కాదు. పదో తరగతి వాళ్లతో సారు ఏటా ఒక పని చేయించేవారు. ఖాళీ దగ్గుమందు సీసాలు మూడు కడిగి, ఒక్కోదాంట్లో ఒక ఇనుప మేకు వేసి కిటికీలో పెట్టేవారు. ఒకదాంట్లో మామూలు నీళ్లు. ఇంకొకదాంట్లో కాచి చల్లార్చిన నీళ్లు, గాలి సోకకుండా పైన పల్లినూనె. మూడోది పొడి సీసా, తేమ పీల్చడానికి అడుగున సున్నపు బెడ్డ. సీసాకొక కాపలాదారు. మా ఏడాది నూనె సీసా వాడికి దక్కింది, నీళ్ల సీసా నాకు. వారం తిరిగేసరికి వాడి మేకు తళతళలాడుతోంది, నా మేకు ఎర్రటి పొట్టు రాలుస్తోంది. క్లాసంతా వాడి సీసా చుట్టూ మూగింది. తట్టుకోలేక, మధ్యాహ్నం అందరూ బువ్వకు పోయినప్పుడు నా సీసాలో కూడా నూనె పోశాను.

సారు ఆ సీసా ఎత్తి వెలుతురుకు పట్టి చూశారు. కొట్టలేదు. ఎవరు చేశారని అడగలేదు. నా పక్కకు వచ్చి నాకు మాత్రమే వినపడేట్టు, "నూనె మంచిదే బిడ్డా. గని తుప్పు పట్టినంక పోసినవ్," అన్నారు.

సారు మరుపును మేము మొదట్లో పట్టుకోలేకపోయాం. అందులో ఊరి తప్పు కూడా ఉంది. రిటైరయ్యాక ఆయనకు రోజూ శేరిగూడ దాకా నడిచి రావడం అలవాటు. ఆ ఏళ్లలోనే కొంగరకలాన్ దిక్కు చేలన్నీ ప్లాట్లయ్యాయి. నిన్న జొన్న చేను ఉన్నచోట ఇవాళ వెంచరు వాళ్ల కమాను లేచేది. ఒకనాడు సారు దారి తప్పితే ఇంజినీరింగ్ కాలేజీ పిల్లలు బండి మీద తెచ్చి దింపారు. గడియకో తొవ్వ వేస్తుంటే ఎవడు యాదుంచుకుంటడని ఆయన నవ్వితే మేమూ నవ్వాం. నిజమే, అప్పుడు దారి తప్పని వాళ్లెవరు? గజం ఎంత పలుకుతుందో ప్రతి మనిషికీ నోటికొచ్చిన ఊళ్లో, ఒక పంతులుకు తన వీధే మరపున పడుతోందని చెప్పగల డాక్టరు ఒక్కడు లేడు. ఈ మాట ఇదివరకు రాశాను. మళ్లీ రాస్తాను.

సిటీకి తీసుకుపోయి పరీక్షలు చేయించింది వాడు. ఆ వారం నేను వరంగల్‌లో ఏదో సభలో ఉన్నాను. అల్జీమర్స్ అని తేలింది.

అప్పటికి సారు తెలివి ఇంకా నిలకడగానే ఉంది. తన జబ్బు గురించి తనే మా ఇద్దరికీ అరుగు మీద పాఠం చెప్పారు. మెదడు చూడ్డానికి చిన్నదే అయినా ప్రాణవాయువు మహా తాగుతుందట. పొయ్యి మండే చోట నిప్పురవ్వలు లేవక తప్పదు. వాటిని ఆర్పే కాపలావాళ్లు మన ఒంట్లోనే ఉంటారు. వయసు పైబడ్డాక రవ్వలు పెరుగుతాయి, ఆర్పేవాళ్లు తగ్గుతారు. మెదడులో కొవ్వు భాగం ఎక్కువ కాబట్టి సెగ దానికి తొందరగా తగులుతుంది. ఆక్సిడేటివ్ స్ట్రెస్ అనేది ఇదే. బయటి నుంచి పంపే ఆర్పేవాళ్లు యాంటీఆక్సిడెంట్లు. వాడు వెంటనే, అయితే మా దుకాణంలో ఉన్నాయి, రేపే తెస్తానన్నాడు. నేను అడ్డం పడ్డాను. గాజు గొట్టాల్లో, ఎలుకల్లో పనిచేసినవన్నీ మనుషుల్లో పనిచేయలేదని చెప్పాను. ఇద్దరం అరుచుకున్నాం.

"రవ్వలతోని రోగమొచ్చిందో, రోగమొచ్చినంక రవ్వలు లేస్తున్నయో ఇంకా ఎవలకు పూరా తెల్వది," అన్నారు సారు. "తెల్వది అనుడు గూడ సైన్సే రా."

ఆ మాట ఎవరి పక్షాన అన్నారో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. వాడికి తేల్చుకునే అవసరమే రాలేదు. మర్నాడే విటమిన్ ఇ గోళీలు తెచ్చాడు. రోజూ పదింటికి దుకాణం ఇంకొకరికి అప్పజెప్పి వచ్చి, సారు అరచేతిలో ఒక గోళీ పెట్టి నీళ్ల గ్లాసు అందించేవాడు. పోనుపోను సారుకు వారాల పేర్లు పోయాయి, బడి పోయింది, మేమూ పోయాం. పది గంటలు మాత్రం మిగిలింది. గోడ గడియారం కొట్టేసరికి చేయి చాచేవారు. నేను నెలకోసారి పోయేవాణ్ని. ఎదురుగా నేను నిలబడి ఉన్నా, ఆ చేయి నన్ను దాటి గేటు వైపు చాచి ఉండేది.

ఒకసారి పోయినప్పుడు చూస్తే చేతుల నిండా కమిలిన మచ్చలు. పళ్లు తోమితే చిగుళ్ల నుంచి నెత్తురు వస్తోందని ఇంట్లో చెప్పారు. సారుకు గుండెలో స్టెంటు ఉంది, రక్తం పలచబడే మాత్ర వాడతారు. దానికి తోడు పెద్ద మోతాదులో విటమిన్ ఇ పడితే ప్రమాదమని నేను చదివి ఉన్నాను. ఈసారి డాక్టరు దగ్గరికి నేను తీసుకుపోయాను. ఆయన గోళీలు అక్కడికక్కడే ఆపించారు. కొందరిలో జబ్బు కాస్త నెమ్మదిస్తుందేమోనన్న ఆశ ఉందిగానీ, గోళీతో పోయిన జ్ఞాపకం తిరిగి రాదన్నారు. పండ్లూ ఆకుకూరలూ పెట్టమన్నారు.

నేను గెలిచాను. గెలిచి ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? తుప్పు పట్టాక నూనె అమ్మే వ్యాపారం మీద వ్యాసం రాశాను. భయాన్ని డబ్బాల్లో నింపి ముసలివాళ్ల ఇళ్లకు పంపుతున్న వాళ్లను చీల్చి చెండాడాను. అందులో ప్రతి మాటకూ ఇవాళ్టికీ కట్టుబడి ఉన్నాను, ఒక్క వాక్యానికి తప్ప. మా ఊరి బస్టాండులో ఒక మందుల దుకాణదారు తన గురువు మరుపును కూడా బేరానికి పెట్టాడని రాశాను. అదెవరో ఇబ్రహీంపట్నంలో తెలియని వాళ్లు లేరు. సారు చేతిలో వాడు పెట్టిన గోళీ ఒక్కటి కూడా అమ్మింది కాదు. అది నాకు తెలుసు. తెలిసే రాశాను.

ఆ పేపర్ మడిచి పట్టుకుపోయి సారు భార్యకు ఇచ్చాను. ఆమెను మేము అమ్మా అనే పిలుస్తాం. వంకాయలు తరిగి నల్లబడకుండా ఉప్పునీళ్లలో వేస్తోంది. పేపర్ ముట్టుకోలేదు.

"నువ్వు రాస్తవ్ బిడ్డా. వాడు వస్తడు," అంది.

నెత్తురొచ్చింది కదమ్మా, నేనన్నదే నిజమైంది కదా అన్నాను.

"నిజమే. ఎవలన్నరు కాదని? గని నువ్వు చెప్పినవని మీ సారు పదింటికి చెయ్యి చాపుడు బందయితదా?"

బందు కాలేదు. గోళీలు ఆపిన మర్నాడు సారు చేయి చాచి చాచి, చివరికి చిన్నపిల్లాడిలా ఏడ్చారట. ఆ పైరోజు వాడు నల్ల కిస్మిస్‌లు తెచ్చాడు, గొంతుకు అడ్డం పడకుండా నానబెట్టి. పదింటికి ఒకటి అరచేతిలో పెట్టాడు. సారు నెమ్మదిగా నమిలి తిని, నీళ్లు తాగి, తృప్తిగా గోడకు ఆనుకున్నారు. మందు పోయింది, వేళ మిగిలింది. ఆ ఉపాయం నాకెందుకు తట్టలేదని ఎన్ని రోజులు రగిలానో.

వ్యాసం గురించి వాడు నన్నేమీ అడగలేదు. చాలా రోజుల తర్వాత బస్టాండులో ఎదురుపడితే మాత్రం, "నూనె ముచ్చట మంచిగ రాసినవ్ రా. బడిల సీసల నూనె పోసింది నువ్వే అని గూడ రాస్తే అయిపోతుండె," అన్నాడు. అంటే వాడికి అప్పుడే తెలుసు. ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. ఇదిగో, ఇప్పుడు రాశాను.

సారు పోవడానికి రెండు నెలల ముందు వాడి బిడ్డ కాన్పుకని నల్గొండ పోవలసి వచ్చింది. నాకు ఫోన్ చేశాడు. మూడు రోజులు పదింటికి నువ్వు పో, కిస్మిస్ మరిచిపోకు అన్నాడు. జీవితంలో వాడు నన్ను అడిగిన సాయం అదొక్కటే. హయత్‌నగర్ నుంచి బయలుదేరి, కాలేజీ బస్సుల మధ్య ఇరుక్కుని, పరుగున అరుగెక్కేసరికి గడియారం కొడుతోంది. సారు చేయి చాచారు. గేటు వైపు కాదు, నా వైపు. ఎన్నేళ్లు ఎదురుచూశానో ఆ చేయి కోసం. సంచీ వెతికాను. పెన్ను, కళ్లజోడు, నా వ్యాసం అచ్చయిన పేపర్. కిస్మిస్ మరిచిపోయాను.

ఏమీ లేదని చెప్పడానికి నా రెండు చేతులూ తెరిచి చూపించాను. సారు వాటిని చాలాసేపు చూశారు. తర్వాత చొక్కా జేబులో వేళ్లు పెట్టి, ఎన్నటిదో, ఎండి ముడుచుకుపోయిన ఒక కిస్మిస్ తీసి నా అరచేతిలో పెట్టారు.

"తిను. ఏంగాదు," అన్నారు.

నాకే ఇచ్చారా, వాడనుకుని ఇచ్చారా? అంత్యక్రియల రోజు వాడు సారు తల దగ్గర కూర్చుని ఉంటే, నీకెప్పుడైనా ఇట్లా ఇచ్చారా అని అడుగుదామని నోటిదాకా వచ్చింది. అవునంటాడేమోనని అడగలేదు.

కిస్మిస్ ఇచ్చిన ఆ రోజు నేను తినేదాకా సారు నా ముఖంలోకే చూస్తూ ఉన్నారు. తిన్నాను. దూదిపోగు అంటుకుని ఉంది, తీపి ఎక్కడో లోపల ఉంది. అప్పుడు ఆయన మళ్లీ చేయి చాచారు. ఈసారి నా వైపూ కాదు, గేటు వైపూ కాదు. మధ్యలో ఎక్కడో, ఎండ పడుతున్న చోట, ఆ అరచేయి అట్లా తెరుచుకునే ఉంది.