గెడ్డ అవతల సమాధుల తోట

మండలాలు రాకముందు మాట ఇది. నర్సీపట్నం దగ్గర మా ఊళ్లో నాన్న మిషన్ బడి పంతులు. అమెరికా దొరసానిగారి దగ్గర విన్న వాళ్ల ఊరి సంగతులు మాకు చెప్పేవారు. అక్కడి పల్లెల్లో మన పంచాయతీల్లాంటి టౌన్‌షిప్పులుంటాయట. హద్దులు స్కేలు పెట్టి గీసినట్టుంటాయట. రోడ్డు, శ్మశానం ఊరివాళ్లే కలిసి చూసుకుంటారట.

మా పంచాయతీకి హద్దు ఊరి పక్కన పారే వాగు, గెడ్డే. ఒక ఏడాది వరదకు అది దారి మార్చుకుని, మా క్రైస్తవుల సమాధుల తోటను అవతలి పంచాయతీ వైపు వదిలేసింది.

మరుసటి ఎండాకాలం నాన్న పోయారు. పెట్టె మోసుకుని గెడ్డ దాటుతుంటే అవతలి ఊరివాళ్లు అడ్డం నిలబడ్డారు.

"ఇయ్యాల పూడిస్తే రేపు తోట మీదంటారు. తాసిల్దారుగారి కాయితం తెండి."

మా ప్రెసిడెంటుగారు అమ్మ ముందు తల దించుకున్నారు. "గెడ్డ దాటితే నా మాట సెల్లదమ్మా."

ఆదివారం కావడంతో ఆఫీసు లేదు. ఎండ ముదురుతోంది. చివరికి ఎవరూ తమది అనని గెడ్డ ఇసుకలోనే నాన్నను పూడ్చాం.

"ఆయన సెప్పిన ఊళ్లో గెడ్డలుండవేటి?" అంది అమ్మ. పాస్టరుగారు ఇసుకలో సిలువ నాటారు.

వానలొచ్చాయి. వరద తీశాక చూస్తే సిలువ లేదు, గొయ్యి ఆనవాలూ లేదు. గెడ్డ మాత్రం మళ్లీ పాత దారినే పారుతోంది. తోట తిరిగి మా పంచాయతీలోకి వచ్చింది.

తర్వాత అమ్మను అక్కడే పూడ్చాం. ఎవరూ అడ్డు చెప్పలేదు. ఆమె పక్కన నాన్నకని వదిలిన చోట ఇప్పటికీ గడ్డే మొలుస్తోంది.