చిన్న జెట్టు

పుంగనూరులో కొత్తగా బండి కొన్నవాడిని రంగు గురించి ఎవరూ అడగరు. "ఎంతిస్తాంది?" అని అడుగుతారు. లీటరు పెట్రోలుకు బండి ఎంత దూరం పోతుందన్నది ఈ వైపు పెళ్లికొడుకు జీతం లాంటిది. నిజం చెప్పేవాడూ ఉండడు, నమ్మేవాడూ ఉండడు.

మెకానిక్కు మునిరాజు బతుకంతా ఆ ఒక్క ప్రశ్న మీదే నడిచింది. మదనపల్లెలో పని నేర్చుకొచ్చి, పుంగనూరు బస్టాండు వెనక షెడ్డు వేసుకున్నప్పటి నుంచి అతనికి పేరు తెచ్చింది మైలేజీ సెట్టింగే. కార్బురేటరు విప్పి, లోపలి జెట్టు తీసి, ఇంకాస్త సన్న బొక్క ఉన్నది బిగిస్తాడు. జెట్టు అంటే పెద్ద యంత్రమేమీ కాదు. చొక్కా గుండీ కన్నా చిన్న ఇత్తడి మర, నడుమ సూది దూరేంత బొక్క. ఇంజనుకు పెట్రోలు అందేది దాంట్లోంచే. బొక్క సన్నదైతే బండి తక్కువ తాగుతుంది, తక్కువ తాగిన ఇంజను ఎక్కువ కాగుతుంది. ఈ రెండో సంగతి మునిరాజుకు తెలియక కాదు. అడిగినవాడు లేడు కాబట్టి చెప్పే అలవాటు తప్పిపోయింది. ఊళ్లో బళ్లు సంతకు పోయి వచ్చేవే కదా, బాగా కాగేలోపు ఇల్లు చేరేవి.

అతని బావ బైరప్పది తంబళ్లపల్లె పక్క పల్లె. గొర్రెల మనిషి. గుట్ట మీద జారిపడి తుంటి ఎముక విరిగాక, చేతికర్ర లేనిదే వాకిలి దాటలేకపోయాడు. మందను అమ్మేద్దామని భార్య కుమారి అన్న రోజు కంచం ముందు నుంచి లేచిపోయాడు. కుమారి మునిరాజుకు సొంత అక్క. ఆమె ఫోనులో ఏడిస్తే మునిరాజే ఉపాయం ఆలోచించాడు. బి.కొత్తకోట అవతల కొండ మీద టూరిస్టులను తిప్పిన నాలుగు చక్రాల బండి ఒకటి పాతబడి మూలన పడి ఉంది. ఏటీవీ అంటారు. లావు టైర్లు, రాయీ రప్పా చూడకుండా ఎక్కేస్తుంది. దాన్ని బేరమాడి కిందికి దించి, బాగుచేసి బావకు ఇచ్చాడు. ఇది మాత్రం మునిరాజు చేసిన మంచి పని. ఎవరూ కాదనలేరు.

పల్లె పల్లంతా పగలబడి నవ్వింది. "గొర్లు కాసేదానికి కారంట!" అని పోయేవాళ్లూ వచ్చేవాళ్లూ ఎకసెక్కాలాడారు. బైరప్ప వినిపించుకోలేదు. చేతికర్రను వెనక కట్టుకుని గుట్టలన్నీ తిరిగాడు. గొర్రెలు మొదట బెదిరినా తర్వాత ఆ శబ్దానికే అలవాటు పడ్డాయి. పొద్దున బండి స్టార్ట్ చేస్తే చాలు, దొడ్డిలో పడుకున్నవన్నీ లేచి తడిక దగ్గరికి వచ్చేవి. విరిగిన తుంటి సంగతి ఆ ఇంట్లో అందరూ మరిచిపోయారు.

అంతటితో ఊరుకుని ఉంటే ఎంత బాగుండేది! బండి పెట్రోలు దండిగా తాగుతోంది. బైరప్ప దానికి ఒక్కనాడూ గొణగలేదు. నామర్దా అనిపించింది మునిరాజుకే. మైలేజీ మునిరాజు సొంత బావ బండి ఇట్లా తాగడమా! ఒక ఆదివారం మదనపల్లెలో సన్న జెట్టు కొనుక్కుని వచ్చి, అక్క వాకిట్లోనే గోనెపట్ట పరిచి కూర్చున్నాడు.

"బాగానే ఉండాది కదప్పా, యాల విప్పుతావు?" అన్నాడు బైరప్ప.

"నువ్వు ఊరుకో బావా. నా చేతిమీదుగా పోయిన బండి ఇట్ల తాగితే నా పేరేం కావాల?"

పెట్రోలు కుళాయి కట్టేసి, కార్బురేటరు అడుగు విప్పి, అందులో మిగిలింది పట్టడానికి చేతికందిన గిన్నె పెట్టాడు.

"రేయ్, అది పెరుగు గిన్నె! నీ సేతికి ఇంకేం దొరకలేదా?" అని కుమారి అరిచింది. ఆ తర్వాత ఆ గిన్నెలో తోడుపెట్టిన పెరుగు ఎవరూ నోట పెట్టలేకపోయారు.

పాత జెట్టును బైరప్ప అరచేతిలో పెట్టించుకుని తిప్పి తిప్పి చూశాడు. "ఇంత గుండీనా ఇంత బండిని ఆడించేది!" అని నవ్వి, ఆకువక్క సంచిలో వేసుకున్నాడు.

ఎండలు ముదిరాక ఫోను చేశాడు. "మునిరాజా, బండి బాగా కాగుతాంది. తొడలు కాలతాండాయి. గుట్ట ఎక్కేటప్పుడు దాని గొంతు కూడా మారింది. పాత గుండీ నా సంచిలోనే ఉండాది. వచ్చి పెట్టిపోరాదా?"

"కొత్త సెట్టింగు బావా, కొన్నాళ్లు అట్లనే ఉంటాది. ఎంతిస్తాందో చెప్పు ముందు."

బైరప్ప చెప్పాడు. మునిరాజు ఆ అంకెను షెడ్డులో ఉన్నవాళ్లందరికీ వినబడేలా పైకి అన్నాడు. అందరూ మెచ్చుకున్నారు. గుట్ట ఎక్కే బండి వేరు, సంతకు పోయే బండి వేరు అన్న ఆలోచన ఆ మెప్పులో కొట్టుకుపోయింది.

తర్వాత కొద్ది రోజులకే మిట్టమధ్యాహ్నం, గుట్ట నడినెత్తిన ఇంజను బిగుసుకుపోయింది. వేడికి లోపలి పిస్టను సిలిండరును కరుచుకుంది. దిగుతుంటే చేతికర్ర సగం దారిలో జారి లోయలో పడింది. మిగతా దారంతా బైరప్ప అరచేతుల మీద పాక్కుంటూ దిగాడు. గొర్రెలు మాత్రం శబ్దం కోసం చూస్తూ ఆగిన బండి చుట్టూ చాలాసేపు నిలబడ్డాయట. అరిచి అరిచి పిలిస్తే గానీ కదలలేదు.

మునిరాజు పరుగున వచ్చాడు. కుమారి మొగుడి రెండు చేతులూ తిప్పి చూపించింది. "సూడు" అంది.

బైరప్పే అందుకున్నాడు. "పాత బండి కదప్పా. ఏదో ఒకనాడు ఆగిపోయేదే."

"అవును బావా" అన్నాడు మునిరాజు.

ఆ రెండు మాటలు ఇప్పటికీ అతని గొంతులో ముల్లులా ఉన్నాయి. జెట్టు మార్చింది తప్పని నిజానికి పెద్దగా బాధ లేదు, ఏ మెకానిక్కు చేతిలోనైనా ఎప్పుడో ఒక బండి పాడవుతుంది. బావ జాలిపడి ఒక సాకు చేతికిస్తే దాన్ని సిగ్గులేకుండా అందుకున్నాడు, అదీ బాధ.

ఆ పిస్టను మదనపల్లెలో దొరకలేదు. బెంగళూరులో తిరిగినా దొరకలేదు. ఎవరో తెప్పిస్తామన్నారు, వానలు వచ్చి పోయాయి. ఈలోగా మందను తోలుకుపోయే దిక్కు లేక గొర్రెలు దొడ్డిలోనే చిక్కిపోయాయి. చివరికి కుప్పం వ్యాపారి లారీ వచ్చి మందను ఎక్కించుకుపోయింది. ఈసారి బైరప్ప కంచం ముందు నుంచి లేవలేదు. తలవంచుకుని తిన్నాడు.

పిస్టను వచ్చిన రోజు మునిరాజు అదే వాకిట్లో, అదే గోనెపట్ట మీద కూర్చుని పని మొదలుపెట్టాడు. ఇంజను బిగించాడు. కార్బురేటరు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. పాత జెట్టు అడగాలంటే తన తప్పు ఒప్పుకోవాలి. ఎట్లా మొదలుపెట్టాలో తెలియక తల ఎత్తాడు. అప్పటికే బైరప్ప సంచి విప్పి ఆ ఇత్తడి ముక్కను తీసి పట్టుకున్నాడు. అంటే ఇంజను ఎందుకు పోయిందో బైరప్పకు మొదటి నుంచీ తెలుసు. బావ ముఖం చూసే ధైర్యం మునిరాజుకు లేకపోయింది.

జెట్టు బిగించాడు. బైరప్ప మెల్లగా సీటెక్కి స్టార్ట్ చేశాడు. ఇంజను మునుపటి గొంతుతో హాయిగా పలికింది. బైరప్ప అలవాటుగా దొడ్డి వైపు తిరిగాడు. తడిక తెరిచే ఉంది. లోపల ఎండిన పెంటికలు తప్ప ఏమీ లేదు.

"బాగుండాది మునిరాజా, శానా బాగుండాది" అని కాసేపు విని, బండి ఆపేశాడు. "యాడికి పోవాల?"