డ్రిప్ పెంచనన్న అక్క

పోయిన వారం అక్క పోయింది. ఇండియన్ స్టోర్ ముందు కార్ పార్క్ చేస్తుంటే వాళ్ళమ్మాయి ఫోన్ చేసి, "ఆంటీ, మామ్ ఇంక లేదు" అని ఏడ్చింది. తోడబుట్టిన అక్క కాదు. ఇక్కడ ఆష్‌బర్న్ దగ్గరి హాస్పిటల్లో నాకు కాన్పులు చేయడం నేర్పిన మిడ్‌వైఫ్.

డ్యూటీకి వస్తే గాజులు తీసి కార్ కప్ హోల్డర్‌లో పడేసేది. చేతులు రుద్దుకుని వెచ్చబడ్డాకే పేషెంట్‌ని ముట్టుకునేది. మనవాళ్ళు గదిలోకి రాగానే "డాక్టర్ గారెప్పుడొస్తారు?" అంటే నాకు ఒళ్ళు మండేది. అక్క మాత్రం నవ్వేది. "అవసరమైతే నేనే పిలుస్తాను. అవసరమో కాదో చూడటమే నా పని" అనేది.

ఆ మధ్యాహ్నం మాత్రం మరిచిపోలేను. మనమ్మాయే, తొలి కాన్పు. సాయంత్రానికి మూలా నక్షత్రం వచ్చేస్తుందని హైదరాబాద్ నుంచి అత్తగారు వీడియో కాల్‌లో ఒకటే గొడవ. భర్త వెళ్ళి డాక్టర్‌ని పట్టుకున్నాడు. ఆయనకీ కాన్పు నెమ్మదిగా నడుస్తోందనిపించిందేమో, వచ్చి నొప్పులు రావడానికి పెట్టిన డ్రిప్ పెంచమన్నాడు.

"నొప్పులు బాగానే వస్తున్నాయి. పెంచితే నొప్పికీ నొప్పికీ మధ్య బిడ్డకి తేరుకునే టైమ్ ఉండదు. పెంచను" అంది అక్క.

"ఏదైనా జరిగితే?" అన్నాడు డాక్టర్.

"ఈ పేషెంట్ నా కేర్‌లో ఉంది. జవాబు నేనే చెప్తాను."

భర్త దగ్గరికొచ్చి, "మీరు మనవాళ్ళే కదా ఆంటీ, కొంచెం అర్థం చేసుకోండి" అన్నాడు.

"మనవాళ్ళని చెప్పి బిడ్డని తొందరపెట్టనా బాబూ?"

కాసేపటికి మానిటర్‌లో బిడ్డ గుండె చప్పుడు పడిపోయింది. అక్క డ్రిప్ ఆపేసి అమ్మాయిని పక్కకి తిప్పింది. చప్పుడు లేచింది, మళ్ళీ పడింది. ఈసారి లేవలేదు. ఎవరి మొహమూ చూడకుండా అక్కే డాక్టర్‌ని పిలిచి, "ఆపరేషన్ చేయాలి, ఇప్పుడే" అంది. పాప ఏడ్చేదాకా మాకెవరికీ ఊపిరాడలేదు. ఏ నక్షత్రంలో పుట్టిందో నేను అడగలేదు.

తర్వాత మీటింగ్ పెట్టారు. అక్కది తప్పని తేలితే ఇకమీదట మిడ్‌వైఫ్‌లెవరూ డాక్టర్‌ని అడక్కుండా డ్రిప్ ముట్టుకోకూడదట. "ముందు డాక్టర్ మాట కాదని, తర్వాత ఆయన్నే పిలిచారేం?" అని అడిగారు.

"కాదన్నదీ పేషెంట్‌ని చూసే, పిలిచిందీ పేషెంట్‌ని చూసే" అంది అక్క. రికార్డంతా తిరగేసి, చివరికి డ్రిప్ నిర్ణయం మా మిడ్‌వైఫ్‌ల చేతుల్లోనే ఉంచారు. ఆ రోజు అక్క చోట ఇంకొకరెవరైనా ఉంటే ఏం చేసేవాళ్ళో నాకు తెలియదు. ఈ ఉద్యోగంలో నేను తలెత్తుకుని నిలబడుతున్నానంటే ఆవిడ పుణ్యమే.

నిన్న నా పేషెంట్ నొప్పులు పడుతుంటే కొత్త డాక్టర్ తలుపు దగ్గర ఆగి, "డ్రిప్ పెంచుదామా?" అన్నాడు. అలవాటు కొద్దీ అక్క కోసం వెనక్కి చూశాను. అక్కడ పేషెంట్ వాళ్ళమ్మ కూర్చుని నా వంకే చూస్తోంది. భర్త కూడా. "చూసి చెప్తాను" అని చేతులు రుద్దుకున్నాను. పేషెంట్ పొట్ట మీద చెయ్యి వేశాను. నా అరచేతి కింద అది మెల్లగా బిగుసుకోవడం మొదలుపెట్టింది.