నేను నిలబెట్టిన సీసా

మా మరిది ముప్పయ్యేళ్లు పెద్ద హోటల్లో వైన్ గది చూసుకున్నాడు. ఒక గుక్క నోట్లో పోసుకుని, పుక్కిలించి, తొట్టిలో ఉమ్మేసి, ఏది బాగుందో ఏది పులిసిందో చెప్పాలి. ఉమ్మినందుకు జీతమిచ్చే ఉద్యోగం మా ఇంటావంటా లేదు.

పని మానిన రోజున యజమాని అతనికి ఒక ఎర్ర వైన్ సీసా ఇచ్చాడు. అప్పటికే దానికి ఇరవై ఏళ్లు. మరిది దాన్ని గుడ్డలో చుట్టి మంచం కింద పడుకోబెట్టాడు.

"దీన్ని నిలబెట్టకు వదినా. బిరడా తడిగా ఉండాలి. ఎండితే గాలి దూరి లోపలిది పులిసిపోతుంది."

"నాకంటే సుఖంగా ఉంది దాని బతుకు" అన్నాను.

తర్వాత కూతురి కాన్పుకని వెళ్లి ఏడాది ఉండిపోయాడు. ఆ సీసా రోజూ నా చీపురుకి అడ్డం. నిండు సీసా పడుకుంటే కారదా అని తీసి అలమర మూల నిలబెట్టాను, మరిచిపోయాను. అతను బయల్దేరాడని తెలిశాక గుర్తొచ్చింది. గబగబా మంచం కిందికి తోసేశాను. ఆరేళ్లు ఆ సంగతి ఎత్తలేదు. వీధి వీధంతా కడిగిపెట్టే నోరు నాది.

మొన్న మరిది ముక్కులో గడ్డ తేలింది. తీసేస్తే ఇక వాసన తెలియకపోవచ్చని డాక్టరు చెప్పాడు. ఆపరేషన్‌కి నాలుగు రోజులుందనగా, మధ్యాహ్నం, సీసా తెచ్చి వంటింటి బల్ల మీద పెట్టాడు.

"ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ లేదు వదినా."

నేను చిక్కుళ్లు ఒలుస్తూ కూర్చున్నాను. ఏది గింజో ఏది తొక్కో తెలియలేదు. అతను పాత అలవాటు కొద్దీ కాలి పక్కన చిన్న బకెట్ పెట్టుకున్నాడు. బాగోకపోతే అందులో ఉమ్మేయడానికి.

బిరడా తీసే మర గుచ్చి తిప్పాడు. బిరడా సగంలో విరిగింది. మిగతా సగం పొడిపొడిగా రాలి లోపల పడింది.

"పల్చటి గుడ్డ ఉందా?"

ఉతికిన పాత చీర ముక్క ఇచ్చాను. గుడ్డలోంచి గ్లాసులోకి వడకట్టాడు. పాత ఇటుక రంగు. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూశాడు. ఎంతకీ తెరవడే.

"నేనే నిలబెట్టాను, ఏడాది పొడుగునా" అన్నాను.

"తెలుసు. సీసాకి అంటించిన పేరు కాగితం పైకి ఉండేలా పెట్టి వెళ్లాను. వచ్చి గుడ్డ తీసి చూస్తే కిందికి ఉంది."

"మరి ఇన్నేళ్లూ అడగలేదేం?"

"అడిగితే తీసి చూడాలిగా. తీయనంతసేపూ బాగున్నట్టే."

గుక్క తీసుకున్నాడు. బుగ్గలు కదిలాయి. బకెట్ వైపు వంగాడు. నా చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది.

వంగి, కాలితో బకెట్‌ని అవతలికి నెట్టాడు. గుటక పడటం నాకు కనిపించింది.

"బతికే ఉంది. కొన ఊపిరి. పావుగంటలో ఇదీ పోతుంది. గ్లాసు తెచ్చుకో."

"నాకెందుకయ్యా ఈ వయసులో?"

"వాసన చూసి చెప్పు. ఇకనుంచి నువ్వే చెప్పాలి నాకు."

గ్లాసు తెచ్చి, కొంచెం పోయించుకుని వాసన చూశాను. "వానకి తడిసిన ఎండుటాకులు. అడుగున నేరేడు పండు."

"ముప్పయ్యేళ్లు నా జీతం దండగ" అని నా గ్లాసులో ఇంకొంచెం పోశాడు.